దూలం మీద పదో చొక్కా

సోమవారం పది ఇరవైకి నేను మాషాన్ ఇంటి గేటు దగ్గరికి చేరేసరికే పొక్లెయిన్ వచ్చి నిలబడి ఉంది. దాని ముందు ఓబ్రాద్ జేబు కత్తితో ఆపిల్ పండు ముక్కలు కోసుకుని తింటున్నాడు. పొద్దున్నే వాడి ముఖం చూడాల్సి వచ్చినందుకు నాకు తాగిన కాఫీ కూడా చేదెక్కింది.

"టైము పన్నెండింటికి కదా?" అన్నాను.

"పన్నెండుకే. కొండెక్కడానికి బండికి గంట పడుతుందని ముందే తెప్పించా. నువ్వూ మోకాళ్లు చూసుకుని ముందే బయల్దేరి ఉంటావుగా?"

ఓబ్రాద్ మా లిపోవాట్స్ మున్సిపాలిటీలో అక్రమ కట్టడాల విభాగానికి పెద్ద. నేను అదే ఊళ్లో నేర విభాగం ఇన్స్పెక్టర్ని. ఇద్దరం ఈ కొండ మీద పుట్టినవాళ్లమే. బడిలో ఒకే బెంచీ. అప్పట్నుంచీ మా ఇద్దరికీ పడదు.

"కేసు తేలకుండా ఇల్లు కూల్చడానికి అంత తొందరేమిటి?"

"తేలలేదని నువ్వొక్కదానివే అంటున్నావు ఇకోనియా. చచ్చిపోయింది నా మనిషి. పన్నెండేళ్లు నా పక్క టేబుల్ దగ్గర కూర్చున్నాడు. వాణ్ని తోసేసిన ఇల్లు ఇంకో రోజు నిలబడి ఉండటం నాకిష్టం లేదు."

"గురువారం సాయంత్రం నువ్వెక్కడున్నావో ఇంకోసారి చెప్పు."

"ఎనిమిదిదాకా ఆఫీసులో. ఈ గేటు దాటి లోపలికి నేనెప్పుడూ అడుగు పెట్టలేదు. శుక్రవారం కూడా ఇక్కడే, ఈ రాయి దగ్గరే నిలబడ్డా. రాసుకున్నావుగా? కావాలంటే ఇంకోసారి రాసుకో, వయసు మీద పడితే మతిమరుపు వస్తుంది."

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. గేటు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ వింటున్నాడు కాబట్టి ఊరుకున్నాను.

జరిగింది ఇదీ. మాషాన్ తన పాత ఇంటి మీద అనుమతి లేకుండా పై అంతస్తు వేశాడు. గురువారం కప్పు దూలాలు ఎక్కాయి. శుక్రవారం తెల్లారాక, ఆ పై అంతస్తు సముద్రం వైపు అంచు కింద, రాళ్ల మీద త్రిపో శవం దొరికింది. త్రిపో కట్టడాలు తనిఖీ చేసే అధికారి, ఓబ్రాద్ కింద పనిచేసేవాడు. చనిపోయింది గురువారం సాయంత్రం ఆరున్నరకీ ఏడున్నరకీ మధ్య అన్నాడు డాక్టరు. మేడ మెట్ల పైనున్న తలుపుకు సీలు కాగితం చిరిగి వేలాడుతోంది. దాని మీద మున్సిపాలిటీ ముద్ర, కింద కలంతో అచ్చక్షరాల్లో 'గురువారం, సాయంత్రం నాలుగు' అని ఉంది. దానికి వారం ముందు మాషాన్ మున్సిపాలిటీ వరండాలో పదిమంది ముందు, 'ఇంకోసారి నా గడప తొక్కితే నిన్ను శ్లాబులో కలిపి పోసేస్తా' అని త్రిపో మీద అరిచాడు. ఇంకేం కావాలి? త్రిపో నాలుగింటికి సీలు వేశాడు, మాషాన్ దాన్ని చింపాడు, గొడవపడి తోసేశాడు అని రాజధాని నుంచి వచ్చిన ఆఫీసరు తేల్చి లోపలేశాడు. మాషాన్‌ను అడిగితే గోడకేసి చూస్తూ కూర్చుంటాడు తప్ప ఒక్క ముక్క మాట్లాడడు.

ఆ ఇంటిని నేరం జరిగిన చోటుగా నేను పట్టి ఉంచగలిగేది ఇవాళ పన్నెండు దాకానే. ఈలోగా ప్రాసిక్యూటర్‌కు కొత్త ఆధారం ఏదైనా చూపించకపోతే ఇల్లు పోతుంది, దాంట్లో నేను ఇంకా చూడనిది ఏదన్నా ఉంటే అదీ పోతుంది. మాషాన్‌కు ముప్ఫై ఏళ్లు పడతాయి. నలభై రెండేళ్ల మనిషి, ఇద్దరు చిన్నపిల్లలు.

కింది అంతస్తు వంటింట్లో మాషాన్ తల్లి జోర్కా పొయ్యి పక్కన కూర్చుని ఉంది. కోడల్నీ పిల్లల్నీ చుట్టాలింటికి పంపేసి తను మాత్రం కదలనంది. బల్ల మీద ఒక్క గిన్నె కూడా సర్దలేదు.

"లే పెద్దమ్మా. ఇంకో గంటన్నరలో ఈ గోడ నీ నెత్తిన పడుతుంది."

"పడనీ."

"నువ్వు పోతే నీ కొడుకు బయటికొస్తాడా?"

ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది. నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"గురువారం మేస్త్రీలకు చొక్కాలు పెట్టారా?"

"పెట్టకుండా ఎలా ఉంటాం? అనుమతి లేకపోతే మాత్రం కప్పు కప్పు కాదా?"

మా కొండల్లో కప్పు దూలాలు ఎక్కిన రోజు చుట్టుపక్కలవాళ్లంతా చొక్కాలో తువ్వాళ్లో తెచ్చి మేస్త్రీలకు పెడతారు. వాటిని నడిదూలానికి కడతారు. పెద్ద మేస్త్రీ దూలం మీద నిలబడి, ఎవరు తెచ్చారో పేరు పెట్టి కొండంతా వినబడేలా కేక వేస్తాడు. ఆ తర్వాతే భోజనం.

"ఎవరెవరు తెచ్చారు?"

జోర్కా వేళ్లు మడుస్తూ చెప్పింది. నేను రాసుకున్నాను. ఎనిమిది పేర్లు. అందరూ ఇరుగుపొరుగే.

"ఇంకెవరూ లేరా?"

"లేరు."

"త్రిపో నాలుగింటికి వచ్చి సీలు వేశాడట. నువ్వు చూడలేదా?"

"నేనేం చూడలేదు. వంటలో ఉన్నా."

శుక్రవారం నుంచీ ఈ కొండ మీద ప్రతి నోటా ఇదే పాట. నేనేం చూడలేదు, నేనేం వినలేదు. పక్కింటి కోడి గుడ్డు పెడితే కూడా తెలిసే మనుషులు వీళ్లు. వీళ్లంతా కలిసి ఏదో దాస్తున్నారని నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది. కొడుకు జైల్లో ఉన్నా కన్నతల్లి దాచేంత విషయం ఏమిటో మాత్రం అంతుబట్టలేదు.

పెద్ద మేస్త్రీ పేరిషాను పెరట్లోకి పిలిపించాను. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం గంటలాగా ఉంటుంది. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మేస్త్రీ, సరిగ్గా టైములు చెప్పు. వాసాలు ఎప్పుడు బిగించారు?"

"నాలుగున్నరకి అయిపోయింది ఇన్స్పెక్టరమ్మా. తర్వాత చేతులు కడుక్కుని, మెట్ల పైన తలుపు బిగించాం. విందుకొచ్చిన పిల్లలు పైకెక్కి పడతారని జోర్కమ్మ గోల పెడితే."

నా కలం ఆగిపోయింది.

"తలుపు ఎన్నింటికి బిగించారు?"

"ఐదు. చర్చి గంట కొడుతుంటే చివరి మేకు దిగింది."

"అంటే నాలుగింటికి అక్కడ తలుపు లేదు."

"తలుపెక్కడిది? ఉత్త సందే. తలుపు కింద పెరట్లో పడుకోబెట్టి ఉంది."

"ఈ మాట శుక్రవారం ఎందుకు చెప్పలేదయ్యా?"

"రాజధాని నుంచి వచ్చిన ఆఫీసరు తలుపు గురించి అడగలేదు. మాషాన్‌కు కోపమెక్కువా, తాగుతాడా అని అడిగాడు. కోపమెక్కువే అన్నా. ఉన్నమాటే కదా."

నాలుగింటికి లేని తలుపుకు నాలుగింటికి సీలు ఎలా వేశారు? ఆ కాగితం ఐదు దాటాక ఎవరో అంటించి, టైము వెనక్కి జరిపి రాశారు. అంటించాక వాళ్లే చింపారు. త్రిపో అయితే చేతిగడియారం చూసి నిమిషాలతో సహా రాసే మనిషి, అతను అలా రాయడు. మూడు రోజులుగా ఆ కాగితం చేతిలో పట్టుకుని తిరుగుతూ, తలుపు వయసెంతో అడగాలని నాకూ తట్టలేదు. నన్ను నేనే తిట్టుకున్నాను.

"దూలం మీద నుంచి ఎంతమంది పేర్లు కేకేశావు?"

"తొమ్మిది," అన్నాడు పేరిషా ఠక్కున. అనేశాక వంటింటి కిటికీ వైపు చూసి నాలిక్కరుచుకున్నాడు.

"జోర్కా పెద్దమ్మ ఎనిమిదే చెప్పింది. తొమ్మిదో పేరు ఎవరిది?"

"ముసలాణ్ని, లెక్క తప్పి ఉంటా."

"నలభై ఏళ్లుగా దూలాలెక్కుతున్నావు. నీకు లెక్క తప్పుతుందా? మాషాన్ ముప్ఫై ఏళ్లు జైల్లో కూర్చుంటాడు మేస్త్రీ. నువ్వు కట్టిన కప్పు కోసమే."

పేరిషా టోపీ నలుపుతూ మళ్లీ కిటికీ వైపు చూశాడు. కిటికీ లోపలి నుంచి జోర్కా గొంతు వినిపించింది.

"చెప్పేయ్ పేరిషా. నా వల్ల కావట్లేదు."

"త్రిపో," అన్నాడు మేస్త్రీ. "ఐదు నలభైకి వచ్చాడు. తెల్ల చొక్కా, నీలం చారలు, అట్టపెట్టెలో పెట్టి తెచ్చాడు. దూలం మీద కట్టి పేరు కేకేశా. అందరూ చప్పట్లు కొట్టారు."

సీలు వేయాల్సిన మనిషి చొక్కా తెచ్చాడు. మా కొండల్లో ఒక కప్పుకు చొక్కా పెట్టినవాడు ఆ ఇంటికి కీడు తలపెట్టడు. అది ఒట్టు లాంటిది. నేను వంటింట్లోకి పరుగున వెళ్లాను. మోకాళ్లు గుర్తురాలేదు.

జోర్కా ఏడుస్తోంది. "మేం పోయినేడు ఇంటిని క్రమబద్ధం చెయ్యమని దరఖాస్తు పెట్టుకున్నాం అమ్మాయ్. అలాంటిది రానేలేదన్నారు ఆఫీసులో. త్రిపోయే వెతికాడు. 'దొరికింది జోర్కమ్మా, అది పెండింగులో ఉండగా ఇల్లు కూల్చకూడదు, దాచినవాడి కొలువు పోతుంది. ఎవరి బీరువాలోనో సోమవారం చెబుతా, అందాకా నేనిక్కడికి వచ్చినట్టు ఎవరికీ చెప్పొద్దు' అన్నాడు. రెండు ముద్దలు తిని పైకెళ్లాడు. ఒకాయన వస్తానన్నాడు, పైన మాట్లాడుకుంటాం అన్నాడు."

"ఎవరు?"

"పేరు చెప్పలేదు. మేమంతా ముందు పెరట్లో పాటలు పాడుకుంటున్నాం. వెనకవైపు పరంజా మెట్లున్నాయి, ఎవరొచ్చినా తెలీదు."

"నీ కొడుక్కి ముప్ఫై ఏళ్లు పడబోతున్నా ఈ మాట కడుపులో దాచుకున్నావా?"

"మాషానే వద్దన్నాడు. కొలువులో ఉన్న అధికారి దొంగకట్టడంలో కూర్చుని విందు తిన్నాడని తెలిస్తే అతని పెళ్లానికి పింఛను రాదట. మా ఇంటికి వచ్చినవాడమ్మా. మా కోసం చచ్చినవాడు. అతని ఇంటివాళ్ల నోట్లో మట్టి కొట్టమంటావా?"

ఈ మొండితనం నాకు తెలియనిది కాదు, మా అమ్మ కూడా ఇంతే. కోపమూ వచ్చింది, కళ్లూ చెమర్చాయి.

పదకొండు ఐదుకు పేరిషాతో పైకెక్కాను. నడిదూలానికి చొక్కాలు ఇంకా అలాగే వేలాడుతున్నాయి. శుక్రవారం పొద్దున్నే శవం దొరికి, ఇల్లు మా కాపలాలోకి వచ్చేయడంతో మేస్త్రీలు విప్పుకోలేదు.

"మావాళ్లెవరూ ముట్టుకోలేదు కదా?"

"మీ కానిస్టేబుళ్లు ఈ కొండ పిల్లలే. పెద్ద మేస్త్రీ తప్ప ఎవరూ విప్పకూడదని వాళ్లకు తెలుసు. ఇచ్చినవాడైతే అసలు చెయ్యే వెయ్యకూడదు. పెట్టిన బట్ట వెనక్కి తీసుకుంటే ఏడాది తిరక్కుండా ఆ తీసుకున్నవాడి ఇంట్లో పసిబిడ్డ పోతుందంటారు. నేనైతే చూడలేదు గానీ, పరీక్షించడానికి ఎవడు సాహసిస్తాడు?"

నేను ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ నడిచాను. పేరిషా పేర్లు చెప్పాడు. ఎనిమిదోది పక్కింటి విధవరాలిది. తొమ్మిదోది తెల్ల చొక్కా, నీలం చారలు. త్రిపోది.

ఆ తర్వాత, సముద్రం వైపు చివర, ఇంకొకటి ఉంది.

మిగతావన్నీ పేరిషా మార్కు ముడితో కట్టి ఉన్నాయి. ఇది మాత్రం ఒక మేకుకు తగిలించి ఉంది. లేత బూడిద రంగు, పొట్టి చేతులు, భుజాల మీద పట్టీలు. కాలర్లో అట్టముక్క, గుండుసూదులు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇది ఎవరిది మేస్త్రీ?"

పేరిషా దగ్గరికొచ్చి చూశాడు. ముఖం మారిపోయింది. "నేను కట్టలేదమ్మా. పేరు కేకెయ్యలేదు. నేను దిగేసరికి ఆరుంపావు. అప్పటికి తొమ్మిదే."

కిందకి తొంగి చూశాను. పొక్లెయిన్ డ్రైవరు చక్రం పక్కన కూర్చుని సిగరెట్ తాగుతున్నాడు. వాడి ఒంటి మీద అదే చొక్కా. మే నెలలో అక్రమ కట్టడాల విభాగం వాళ్లందరికీ ఒకే రకం కొత్త చొక్కాలిచ్చారు.

మడమలెత్తి కాలర్ లోపలి అంకె చూశాను. నలభై ఏడు. త్రిపో గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేవాడు. ఆ విభాగంలో నలభై ఏడు కాలర్ పట్టే మెడ ఒక్కటే ఉంది. అది గేటు దగ్గర నిలబడి ఆపిల్ తింటోంది.

ఎంత మొండి అలవాటు మాది. మాట్లాడటానికి వచ్చాడో బెదిరించడానికి వచ్చాడో గానీ, కొత్త కప్పు కిందికి వట్టి చేతులతో అడుగు పెట్టలేకపోయాడు. కారు డిక్కీలో ఉన్న కొత్త చొక్కా తెచ్చి తగిలించాడు. మనిషిని తోసేశాక త్రిపో సంచీలోంచి సీలు కాగితం తీసి అంటించే తీరిక వాడికి దొరికింది. తను పెట్టిన చొక్కాను మాత్రం ముట్టుకోలేకపోయాడు. అందుకే ఇల్లు మొత్తం కూల్చడానికి ఈ తొందర.

ప్రాసిక్యూటర్‌కు ఫోన్ చేశాను. "నేనే వస్తున్నాను. ముప్పావు గంట పడుతుంది. దేన్నీ కదిలించకు," అన్నాడాయన. పేరిషాను జోర్కా దగ్గర కూర్చోమని పంపాను. ఆమెను లేవనివ్వొద్దని ఈసారి నేనే చెప్పాను. మనిషి లోపల ఉన్నంతసేపూ పొక్లెయిన్ చెయ్యెత్తదు.

పదకొండు నలభైకి మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు ఓబ్రాద్. "సామాన్ల జాబితా అయిందా? ఇద్దరం సంతకం పెడితేగాని కూల్చకూడదని రూలు. నీకు రూళ్లంటే ఇష్టం కదా."

"ఈ గేటు దాటి ఎప్పుడూ అడుగు పెట్టలేదన్నావు?"

"ఇవాళ ఉత్తర్వు ఉంది."

నేను చదివాను. "తాపీలు రెండు. నిచ్చెన ఒకటి. సిమెంటు బస్తాలు ఆరు. దూలానికి వేలాడుతున్న చొక్కాలు పది."

జేబులోంచి కలం తీస్తున్న చెయ్యి ఆగింది. వాడు దూలం వైపు చూడలేదు. ఇంత పెద్ద దూలం, పది రంగుల బట్టలు నెత్తి మీద ఆడుతుంటే ఎవడైనా చూస్తాడు.

"ఆ చివరిది మా ఆఫీసుది," అన్నాడు. "శుక్రవారం శవం తీసేటప్పుడు మావాడెవడో వదిలేసి ఉంటాడు."

"చివర ఏముందో చూడకుండానే చెప్పావే."

"మెట్లెక్కుతుంటే కనబడింది."

"సరే. మీ సొత్తే అయితే విప్పుకుని పట్టుకుపో. జాబితాలో తొమ్మిదని రాస్తాను."

వాడు చెయ్యి వేస్తే నా సాక్ష్యం చెడుతుందని తెలుసు. ప్రాసిక్యూటర్ నన్ను బతకనివ్వడు. అయినా పందెం కాశాను.

ఓబ్రాద్ నాలుగడుగులు వేశాడు. చెయ్యి ఎత్తాడు. చొక్కా అంచుకు జానెడు దూరంలో వేళ్లు ఆగిపోయాయి. గాలికి చొక్కా చెయ్యి వాడి వేళ్ల వైపు ఊగింది. వాడు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"డ్రైవర్ని పంపిస్తా, వాడు తీస్తాడు."

"నువ్వే తియ్యొచ్చుగా. మీ కుర్రాడెవడిదో చొక్కా. నీకేం భయం?"

ఓబ్రాద్ ముఖం మీద చెమట పట్టింది. వాడి కూతురికి ఎనిమిదో నెల, పెళ్లైన పదకొండేళ్లకు నిలిచిన కడుపు. ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు, అనాల్సిన అవసరమూ లేకపోయింది.

"నీకు బుద్ధి లేదు ఇకోనియా," అన్నాడు మెల్లగా. "చిన్నప్పుడూ లేదు."

వెనక్కి నడిచి మెట్ల తలుపు మూశాడు. లోపలి వైపు గడియ పెట్టాడు. పిట్టగోడ ఇంకా కట్టని అంచు మీద నిలబడి కిందికి చెయ్యి ఊపాడు. పొక్లెయిన్ ఇంజను పెద్దగా మోగడం మొదలుపెట్టింది. కింద గేటు దగ్గర మా కానిస్టేబుల్ ఏదో అరుస్తూ చేతులు ఆడిస్తున్నాడు. ఒక్క ముక్కా వినబడలేదు. నేను అరిచినా ఇక ఎవరికీ వినబడదు.

"దరఖాస్తు నీ బీరువాలోనే దొరికిందా?" అని అడిగాను.

"అంతా మాట్లాడుకుని సర్దుకుపోదామని వచ్చా. నిజంగా. చొక్కా కూడా పెట్టా." ఓబ్రాద్ గొంతులో ఏడుపు లాంటిదేదో ఉంది. "వాడు పగలబడి నవ్వాడు. 'చొక్కా పెట్టేశావుగా, ఇక ఈ ఇంటిని ఎలా కూలుస్తావు' అన్నాడు. సరిగ్గా ఇప్పుడు నువ్వు నిలబడ్డ చోటే నిలబడి."

నా వెనక రెండడుగుల్లో శ్లాబు అయిపోతుంది. కింద రెండో మలుపులో ప్రాసిక్యూటర్ కారు దుమ్ము రేపుకుంటూ ఎక్కుతోంది. ఎంత లేదన్నా ఐదు నిమిషాలు. నేను పడితే, మోకాళ్లు అరిగిన ఆడమనిషి కాలు జారింది అంటారు. ఆ గొడవలో ఈ దూలం ఒరిగినా అడిగేవాడు ఉండడు, మాషాన్ ఇక బయటికి రాడు. నేను జాబితా కాగితం వదిలేసి రెండు చేతులతో దూలం కింది స్తంభాన్ని వాటేసుకున్నాను.

ఓబ్రాద్ కూడా ఆ దుమ్ము చూశాడు. కోటు గుండీలు పెట్టుకున్నాడు.

"నన్ను క్షమించు ఇకోనియా," అంటూ రెండు చేతులూ ముందుకు చాచి నావైపు నడిచాడు.